గోమార్ల మందు ఎవరికి భద్రం?

కుక్కకు గోమార్ల మందు కొన్న రోజు చాలామంది ఇళ్లలో అనుమానం మొదలవుతుంది. "ఇది వేస్తే దానికేమన్నా అవుతుందా డాక్టరుగారూ?" అని ఫోన్లు వెళ్తాయి. అంతకుముందు నెలల తరబడి చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో నెత్తురు తాగి శనగగింజల్లా ఉబ్బిన పురుగులను చేత్తో పీకి కిరసనాయిలు డబ్బాలో వేసినప్పుడు మాత్రం ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు. మందును అనుమానించాల్సిందే, ఎందుకో కింద వివరంగా చెప్తాను. కానీ ఆ అనుమానంలో సగమైనా గోమారి మీద పెట్టకపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

గోదావరి జిల్లాల్లో గోమారి అన్నా, మరోచోట పిడుదు అన్నా, మన కుక్కల మీద ఎక్కువగా కనిపించేది ఒకటే జాతి. గోధుమరంగు కుక్క గోమారి, శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రైపిసెఫాలస్ సాంగ్వినియస్. మిగతా గోమార్లు చాలావరకు అడవిలో, గడ్డిలో, పశువుల మీద బతికితే ఇది మనిషి ఇంట్లో కాపురం పెట్టడానికి అలవాటు పడింది. పిల్లదశ నుంచి పెద్దదయ్యేదాకా మూడుసార్లు నెత్తురు తాగుతుంది, మూడుసార్లూ కుక్కనే వెతుక్కుంటుంది. తాగడం అయిపోగానే కిందికి రాలి, పైకి ఎగబాకే అలవాటు కొద్దీ గోడ పగుళ్లలోకి, తలుపు చట్రాల వెనక్కి, కప్పు అంచులకు చేరుతుంది. కడుపు నిండిన ఆడ గోమారి ఒక్కటే వేలల్లో గుడ్లు పెడుతుంది, 4,000 దాకా పెట్టగలదు. మన ఎండలకు గుడ్డు నుంచి గుడ్డు దాకా చక్రం రెండు మూడు నెలల్లో తిరిగిపోతుంది. చలిదేశాల వాళ్లకు శీతాకాలం కొంత విరామం ఇస్తుంది. హైదరాబాదులో, విజయవాడలో ఆ విరామం లేదు. అందుకే "వానాకాలంలో వేస్తే చాలు" అన్న సలహా మన దగ్గర పనిచేయదు.

ఇది మోసుకొచ్చే జబ్బులను జనం కలిపి 'టిక్ ఫీవర్' అంటారు. అందులో ముఖ్యమైనది ఎర్లికియా కేనిస్ అనే సూక్ష్మజీవి తెచ్చేది. తెల్ల రక్తకణాల్లో దూరుతుంది. జ్వరం, తిండి మానేయడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కొన్నిసార్లు ముక్కు నుంచి నెత్తురు కారడం దాని గుర్తులు. వారం రెండు వారాల్లో కుక్క తేరుకున్నట్టు కనిపించవచ్చు. జబ్బు మాత్రం లోపల నెలలు, ఏళ్లు దాక్కుని చివరికి ఎముక మజ్జను దెబ్బతీయగలదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకెళ్లిన జర్మన్ షెపర్డ్‌లు వందల సంఖ్యలో చనిపోయినప్పుడే ప్రపంచం దీన్ని పెద్ద జబ్బుగా గుర్తించింది. మన ఊళ్లలో పోలీసు జాగిలాల నుంచి అపార్ట్‌మెంట్ కుక్కల దాకా అందరూ ఇష్టపడే ఆ జాతిలోనే ఇది ఎక్కువ తీవ్రంగా వస్తుంది. త్వరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు ఇచ్చి నయం చేయవచ్చు. టీకా లేదు. రెండోది బబేసియా. ఎర్ర రక్తకణాలను పగలగొట్టి, చిగుళ్లను పాలిపోయేలా చేసి, మూత్రాన్ని కాఫీ రంగుకు తెస్తుంది. మన దేశంలో కనిపించే బబేసియా గిబ్సోనీ అనే చిన్న రకాన్ని మందులతో అణచవచ్చు కానీ ఒంట్లోంచి పూర్తిగా తుడిచేయడం కష్టం. మనుషులకు సోకే ఇండియన్ టిక్ టైఫస్‌కు కూడా ఈ కుక్క గోమారే ఒక వాహనం.

గెంతే పేల సంగతి కొంత తేలిక. ఇంగ్లీషులో ఫ్లీస్ అనే ఇవి దురద పెడతాయి, ఒంటికి పడని కుక్కల్లో తోక మొదలు దగ్గర బొచ్చంతా ఊడగొడతాయి, నాకేటప్పుడు కడుపులోకి పోయి బద్దె పురుగును అంటిస్తాయి. చిన్న కుక్కపిల్ల మీద వందల్లో పడితే రక్తహీనతతో చంపేయనూ గలవు. కుక్క మీద కనిపించేవి మొత్తం సంతతిలో ఇరవయ్యో వంతు మాత్రమే, మిగతావి గుడ్లుగా, లార్వాలుగా, గూళ్లలో ప్యూపాలుగా పక్కబట్టల్లోనూ సోఫా మడతల్లోనూ ఉంటాయి. "మందు వేసి పది రోజులైంది, ఇంకా కనిపిస్తున్నాయి, మందు నకిలీది" అని షాపువాడితో పోట్లాడేవాళ్లకు సగంసార్లు జవాబు ఇదే. అవి కొత్తగా గూడు పగలగొట్టుకుని వచ్చినవి. మూడు నెలలు ఆపకుండా మందు వేస్తేగాని ఆ వరస తెగదు.

ఇక మందులు. షాపు అద్దాల వెనక ముప్పై రకాల పెట్టెలు కనిపించినా వాటిలోని రసాయనాలు నాలుగైదు కుటుంబాలవే.

మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందుల్లో ఎక్కువ భాగం ఫిప్రోనిల్. పురుగు నరాల్లో గాబా అనే సంకేతానికి లోబడే ద్వారాన్ని మూసేసి, దాని నరాలు అదుపు తప్పి చచ్చేలా చేస్తుంది. మన నరాల్లోనూ, కుక్క నరాల్లోనూ అలాంటి ద్వారమే ఉన్నా దాన్ని ఈ మందు అంత బలంగా పట్టుకోలేదు. ఆ తేడాయే దీని భద్రతకు ఆధారం. మూడు దశాబ్దాల వాడకం ఉంది, కుక్కకు హాని అరుదు. కుందేలుకు మాత్రం విషం, ఇంట్లో కుందేళ్లుంటే దీని జోలికి పోకూడదు. మన ఇళ్లలో దీనికి వచ్చే చిక్కు వేరే. ఇది చర్మం మీది జిడ్డులో కరిగి ఒళ్లంతా పాకుతుంది. వేయడానికి రెండు రోజుల ముందూ, వేశాక రెండు రోజులూ స్నానం కూడదు. మనవాళ్లు ఆదివారం షాంపూతో శుభ్రంగా రుద్ది, తుడిచి, అదే గంటలో చుక్కలు వేస్తారు. జిడ్డు లేని చర్మం మీద అది పాకదు. మరుసటి ఆదివారం మళ్లీ స్నానం, ఆ తర్వాత మందు పనిచేయలేదన్న ఫిర్యాదు. పైగా కొన్ని దేశాల్లో కుక్క గోమారి దీనికీ, కింద చెప్పబోయే పెర్మెత్రిన్‌కూ లొంగకుండా తయారైనట్టు పరిశోధకులు నమోదు చేశారు.

పెర్మెత్రిన్, డెల్టామెత్రిన్, సైపర్మెత్రిన్, ఫ్లూమెత్రిన్ ఒక కుటుంబం. చేమంతి జాతి పువ్వులోని సహజ విషానికి ఫ్యాక్టరీలో చేసిన రూపాలివి. వీటిలో కొన్నింటికి మిగతా కుటుంబాలకు లేని గుణం ఒకటుంది. పురుగు కాళ్లకు తగలగానే మంట పుట్టించి, కుట్టకముందే పారిపోయేలా చేస్తాయి. ఎర్లికియా విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అంటుకున్న గోమారి కొన్ని గంటల్లోనే ఆ సూక్ష్మజీవిని కుక్కలోకి పంపగలదు, ప్రయోగాల్లో మూడు గంటలకే సోకిన సందర్భాలున్నాయి. బబేసియాకు సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. కాబట్టి కుట్టాక చంపే మందు బబేసియాను బాగా ఆపుతుంది, ఎర్లికియాను పూర్తిగా ఆపుతుందని హామీ ఇవ్వలేదు. ఇక్కడే ఒక ప్రాణాంతకమైన హెచ్చరిక ఉంది. కుక్కకు ఏమీ చేయని పెర్మెత్రిన్ చుక్క పిల్లిని చంపుతుంది. ఈ విషాన్ని విరిచే పని పిల్లి కాలేయానికి సరిగా చేతకాదు. కుక్క మందును పిల్లికి వేయడమే కాదు, మందు వేసిన కుక్క పక్కన పిల్లి ముడుచుకుని పడుకున్నా, దాన్ని నాకినా వణుకు, ఫిట్స్ మొదలు కావచ్చు. రెండూ ఉన్న ఇంట్లో నేనైతే పెర్మెత్రిన్ అసలు తేను.

అమిత్రాజ్ స్నానాల మందు. చర్మంలోని గజ్జి పురుగులకు ఒకప్పుడు ఇదే దిక్కు, గోమార్లకూ పనిచేస్తుంది. మత్తు తెస్తుంది, గుండె వేగం తగ్గిస్తుంది, రక్తంలో చక్కెర పెంచుతుంది. షుగరున్న కుక్కకూ, పిల్లికీ, చంటి కుక్కపిల్లలకూ వద్దు. నీళ్లలో కలిపే కొలత తప్పితే ఏమవుతుందో పశువుల డాక్టర్లందరికీ తెలుసు. మెరుగైనవి వచ్చాక ఇంట్లో దీన్ని వాడాల్సిన కారణం నాకు కనిపించదు.

అసలు వివాదం ఐసోక్సజోలిన్ల మీద. నమిలే బిళ్ళలంటే ఇవే. అమెరికాలో 2013లో అఫోక్సోలానర్ (నెక్స్‌గార్డ్), 2014లో ఫ్లురలానర్ (బ్రావెక్టో), 2016లో సారోలానర్ (సింపారికా), 2018లో లోటిలానర్ (క్రెడెలియో) అనుమతి పొందాయి. ఫ్లురలానర్ బిళ్ళ ఒకసారి మింగితే దాదాపు మూడు నెలలు, మిగతావి నెల. రక్తంలో తిరుగుతాయి కాబట్టి స్నానంతో పోవు, పిల్లల చేతులకు అంటవు, పిల్లి నాకినా భయం లేదు. కుక్క గోమారి మీద ఇంత గట్టిగా పనిచేసినవి అంతకుముందు లేవు. పురుగు కుట్టి నెత్తురు తాగితేనే చస్తుంది, అదొక్కటే పరిమితి. "బిళ్ళ వేశాక కూడా ఒంటి మీద గోమారి కనిపించింది" అన్నవాళ్లు అది చచ్చిందో బతికుందో, ఉబ్బిందో ఎండిందో చూసి మాట్లాడాలి.

2018 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) ఈ కుటుంబం మొత్తానికీ ఒక హెచ్చరిక జారీ చేసింది. కొన్ని కుక్కల్లో, పిల్లుల్లో కండరాల వణుకు, నడక తూలడం, మూర్ఛ కనిపిస్తున్నాయనీ, అంతకుముందు మూర్ఛ రాని జంతువుల్లోనూ రావచ్చనీ చెప్పి, పెట్టెల మీద ఆ మాట అచ్చు వేయించింది. అదే ప్రకటనలో ఎక్కువ జంతువులకు ఇవి భద్రమైన మందులేనని కూడా చెప్పింది. మొదటి సగం ప్రపంచమంతా తిరిగింది, రెండో సగం ఆగిపోయింది. 2020లో అచ్చయిన ఒక సర్వేలో 2,700 మందికి పైగా యజమానులు, డాక్టర్లు తమ అనుభవాలు రాశారు, బిళ్ళ వేసిన కుక్కల్లో ఏదో ఒక ఇబ్బంది చూశామని ఎక్కువమంది చెప్పారు. ఆ సంఖ్య భయపెడుతుంది. అయితే ఎవరి కుక్కకు ఏమీ కాలేదో వాళ్లకు ఇలాంటి సర్వే వెతుక్కుని నింపే పని ఉండదు. ఇలాంటి సర్వే ప్రమాదం ఉందని చెప్పగలదు, వెయ్యిలో ఎన్నింటికో చెప్పలేదు.

మెడ పట్టీ విషయంలో ఇదే కథ ఇంకా పెద్దగా నడిచింది. ఫ్లూమెత్రిన్, ఇమిడాక్లోప్రిడ్ రెండూ కలిపి ఎనిమిది నెలలు పనిచేసేలా చేసిన సెరెస్టో పట్టీకి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. 2021 మార్చిలో పత్రికలు అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ దగ్గరున్న ఫిర్యాదులు బయటపెట్టాయి. 75,000కు పైగా ఫిర్యాదులు, వాటిలో దాదాపు 1,700 మరణాలు. అప్పటికి అమ్ముడైన పట్టీలు కోట్లలో ఉన్నాయి. ఫిర్యాదు అంటే పట్టీ వేశాక జరిగిందన్నమాటే, పట్టీ వల్ల జరిగిందని కాదు. అలాగని కొట్టిపారేయదగిన సంఖ్యా కాదు. 2023లో ఆ సంస్థ సమీక్ష ముగించి, హెచ్చరికలు పెంచి, ఫిర్యాదుల వివరాలు పక్కాగా సేకరించాలని షరతులు పెట్టి మరో ఐదేళ్లు అమ్మకానికి ఒప్పుకుంది. పట్టీ ఎక్కడో చిక్కుకుని మెడ బిగుసుకునే ప్రమాదం కూడా ఆ చర్చలోకి వచ్చింది. ఇది రసాయనానికి సంబంధం లేని సంగతి, గేటు గ్రిల్లులో తలపెట్టే కుక్కల యజమానులకు మాత్రం సంబంధమున్న సంగతి. నకిలీ పట్టీలు అక్కడి కస్టమ్స్‌కు మూటలుగా దొరికాయి. సగం ధరకు ఆన్‌లైన్లో కనిపించినప్పుడు ఆ తగ్గింపు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించాలి.

ఈ రెండు గొడవల నుంచి నాకు అర్థమైన పనికొచ్చే తేడా ఒకటుంది. పట్టీ తీసేయవచ్చు, చుక్కల మందును తొలి గంటల్లో గిన్నెల సబ్బుతో కడిగేయవచ్చు. మింగిన బిళ్ళను వెనక్కి తీసుకోలేం, వారాల తరబడి ఒంట్లో ఉంటుంది. అందుకే మూర్ఛ వచ్చే కుక్కకు, లేదా దాని తోబుట్టువుల్లో మూర్ఛ ఉందని తెలిసిన కుక్కకు బిళ్ళ వద్దనడం అతి జాగ్రత్త కాదు. నరాల జబ్బు ఏదీ లేని ఆరోగ్యమైన కుక్కకు, గోమార్ల కాలం ఏడాదంతా ఉండే మన ఊళ్లలో, బిళ్ళ వల్ల వచ్చే అరుదైన ముప్పు కన్నా టిక్ ఫీవర్ ముప్పే పెద్దదని నా అభిప్రాయం. దీంతో విభేదించే పశువైద్యులు ఉన్నారు. వాళ్ల వాదన బిళ్ళ విషమని కాదు, పట్టీ చాలినచోట బిళ్ళ ఎందుకని. సమంజసమైన వాదనే.

కానీ మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో కుక్కలు ఈ ఖరీదైన మందుల వల్ల చావడం లేదు. చంపుతున్నవి వేరే.

మొదటిది పశువుల మందు. గేదెల ఒంటికి నీళ్లలో కలిపి కొట్టే డెల్టామెత్రిన్, సైపర్మెత్రిన్ సీసా ఇంట్లో ఉంటుంది. మిల్లీలీటర్ల కొలతకు బదులు 'మూత నిండా' అన్న కొలత వస్తుంది. నీళ్లు తగ్గుతాయి, మందు పెరుగుతుంది, ఒకోసారి నీళ్లే ఉండవు. ఆ తర్వాత కుక్క ఒళ్లు నాక్కుంటుంది. చొంగ, వణుకు, ఫిట్స్. గేదె నాలుగైదు వందల కిలోలు, వీధి కుక్క పదిహేను. చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందు దీనికన్నా దారుణం. ఆర్గానోఫాస్ఫేట్లు పురుగు నరాలనూ కుక్క నరాలనూ ఒకే తీరున పట్టేస్తాయి, మనుషులు ఆత్మహత్యకు వాడే మందులవి. వాటిలో డైక్లోరోవాస్‌ను మన ప్రభుత్వం 2020 చివరికల్లా పూర్తిగా నిషేధించింది. పాత సీసా అటక మీద ఉంటే దాని మూత తీయకండి.

రెండోది ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను. కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ బహుమతి తెచ్చిన గొప్ప మందు, నదీ తీరాల్లో లక్షలమంది చూపు కాపాడింది. కుక్క గోమార్లను ఒక సూదితో వదిలించే మందు మాత్రం కాదు, అయినా పల్లెల్లో కుక్కకు గోమార్లనగానే చాలామంది చేతికి వచ్చేది ఇదే. కొన్ని జాతుల్లో మెదడులోకి మందులను రానివ్వకుండా కాపలా కాసే ప్రోటీను జన్యులోపం వల్ల పనిచేయదు. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని బయటపెట్టారు. కోలీల్లో పదింటికి ఏడు, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో సగం ఆ లోపాన్ని మోస్తున్నాయి. జర్మన్ షెపర్డ్‌లలో పదింటికి ఒకటి. మన దగ్గర కోలీలు తక్కువే, షెపర్డ్‌లు వీధికొకటి ఉన్నాయి. గోమార్లకు, గజ్జికి ఇచ్చే పెద్ద మోతాదు ఆ ఒక్క కుక్కకు పడితే చూపు పోయి, తూలి, కోమాలోకి పోతుంది, విరుగుడు లేదు. గుండె పురుగు నివారణకు ఇచ్చే అతిచిన్న మోతాదు వీటికి కూడా ఇబ్బంది చేయదు. నమిలే బిళ్ళలను ఈ లోపమున్న కోలీల మీద పరీక్షించి చూశారు, పెట్టె మీది మోతాదులో వాటికి ఏమీ కాలేదు. భయపడేవాళ్లు భయపడే మందు ఇక్కడ నిలబడింది, నమ్మేవాళ్లు నమ్మే సూది కూలిపోయింది.

మూడోది వంటింటి, పెరటి వైద్యం. వేపనూనె మీద నాకు గౌరవం ఉంది, అందులోని అజాడిరాక్టిన్ పురుగు కుబుసం విడిచే పనిని చెడగొడుతుంది, వాసన కొంతసేపు దూరం పెడుతుంది. కొంతసేపే. ఎర్లికియా తిరిగే ఊళ్లో దాన్నే నమ్ముకుంటే చాలదు. సీతాఫలం గింజల పొడి పేలను నిజంగానే చంపుతుంది, మన అమ్మమ్మలకు తెలిసిన విద్య. అదే పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర ఊడిపోయేంత మంట, మనుషుల్లోనే కంటి ఆస్పత్రులు అలాంటి కేసులు చూశాయి. తల విదిలించే కుక్క కంట్లో పడకుండా ఎవరు ఆపగలరు? పొగాకు కషాయం గుంటూరు, ప్రకాశం వైపు ఇంకా వినిపించే చిట్కా. నికోటిన్ చర్మంలోంచే లోపలికి పోతుంది. కర్పూరం నాకితే ఫిట్స్ తెస్తుంది. వెల్లుల్లి తినిపిస్తే గోమారి పోదు, కుక్క ఎర్ర రక్తకణాలు పగులుతాయి. అప్పటికే బబేసియా వాటిని పగలగొడుతుంటే ఇక చెప్పేదేముంది. కిరసనాయిలు, ఫినాయిలు ఒంటికి రాయడం గురించి వాదన కూడా అనవసరం. సహజమైనది కాబట్టి భద్రమన్న మాటకు ఉమ్మెత్తకాయ కన్నా పెద్ద జవాబు నా దగ్గర లేదు.

సరే, మరి ఏ కుక్కకు ఏది? బరువు మొదటి ప్రశ్న, అంచనా బరువు కాదు, తూచిన బరువు. ఇంట్లో మనిషి తూకం మీద కుక్కను ఎత్తుకుని నిలబడి, తర్వాత మనిషి బరువు తీసేస్తే చాలు. పెద్ద కుక్క బిళ్ళను రెండు ముక్కలు చేసి రెండు చిన్న కుక్కలకు పంచడం డబ్బు మిగిల్చే ఉపాయంలా కనిపిస్తుంది. బిళ్ళలో మందు అంతటా సమంగా ఉందని ఎవరూ హామీ ఇవ్వరు, ఒక ముక్కలో ఎక్కువ, ఒక ముక్కలో తక్కువ రావచ్చు. రెండోది వయసు. ఇక్కడ ఒక విచిత్రం. మూడు నెలల ఫ్లురలానర్ బిళ్ళను, సారోలానర్ ఒక్కటే ఉన్న బిళ్ళను యూరప్ 8 వారాల పిల్లకు అనుమతిస్తే అమెరికా 6 నెలలు నిండాలంటుంది. మందు అదే, కుక్కపిల్ల అదే. భద్రతకు గీత ఎక్కడ గీయాలన్నది శాస్త్రంతో పాటు ఆ దేశపు జాగ్రత్త కూడా నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. 8 వారాల లోపు పిల్లకు నేను చెప్పేది సన్నపళ్ల దువ్వెన, రోజూ మార్చే గుడ్డ, తల్లికి మందు. చూలుతో ఉన్న, పాలిచ్చే తల్లికి అన్నీ పనికిరావు. ఫ్లురలానర్ బిళ్ళకు యూరప్‌లో అనుమతి ఉంది, కొన్నింటికి ఆ పరీక్షే జరగలేదు, పెట్టెలోని కాగితం చదవాల్సిందే. ఫ్లురలానర్, లోటిలానర్ తిండితో ఇవ్వాలి, ఖాళీ కడుపుతో ఇస్తే ఒంటికి సరిగా పట్టవు.

ఇంట్లో ఎవరున్నారన్నది మూడో ప్రశ్న. పాకే బిడ్డ కుక్క మెడను కౌగిలించుకునే ఇంట్లో చుక్కలు, పట్టీ కన్నా బిళ్ళ నయం. పిల్లి ఉంటే పెర్మెత్రిన్ పోయింది. వారానికోసారి చెరువులో ఈదే కుక్కకు చుక్కల మందు డబ్బు దండగ, నీటికి కూడా చేటు. 2021లో అచ్చయిన బ్రిటన్ పరిశోధన 20 నదుల్లో నీరు పట్టి చూస్తే 98 శాతం నమూనాల్లో ఫిప్రోనిల్, 66 శాతంలో ఇమిడాక్లోప్రిడ్ కనిపించాయి. ఆ దేశంలో ఫిప్రోనిల్‌ను పొలాల్లో వాడటం ఆగిపోయి చాలాకాలమైంది, కుక్కలూ పిల్లుల మీదుగానే ఎక్కువగా వచ్చిందని పరిశోధకుల నిర్ధారణ. మన దగ్గర ఆ రెండూ పొలంలోనూ వాడతారు కాబట్టి కుక్క వాటా ఎంతో విడదీయడం కష్టం, కొల్లేట్లో కుక్కను కడగడానికి అది సాకు మాత్రం కాదు. ఆ కొల్లేటి ప్రాంతపు జోనంగిలాంటి పొట్టి బొచ్చు కుక్కల్లో ఒక సౌకర్యం ఉంది, గోమారి దాక్కోలేదు. రోజూ సాయంత్రం చెవులు, చంకలు, వేళ్ల సందులు తడిమి చూడటం పొట్టి బొచ్చుకు ఐదు నిమిషాల పని. దొరికినదాన్ని సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా నేరుగా లాగాలి. సిగరెట్టుతో కాల్చడం, నూనె పోయడం, గోళ్ల మధ్య చిదమడం వద్దు, చిదిమితే దాని పొట్టలోది మన వేళ్లకు అంటుతుంది.

కుక్కకు ఎంత మంచి మందు వేసినా ఇల్లు వదిలేస్తే సగం పనే. పడక గుడ్డలు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయడం, గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చడం, కుక్క గది కప్పు అంచులు కూడా చూడటం. ఇంట్లో మందు కొట్టించాల్సి వస్తే కుక్క, పిల్లి, చేపల తొట్టి బయటికి వెళ్లాకే, నేల ఆరాకే తిరిగి రావాలి. కొట్టించిన మందూ, కుక్క మీది మందూ ఒకే కుటుంబానివైతే రెండు మోతాదులు కలిసిపోతాయి. కొట్టేవాణ్ణి సీసా పేరు అడిగి రాసుకోండి.

ఇంత చేసినా మెట్ల కింద పడుకునే వీధి కుక్క ఒంటి మీద రెండొందల గోమార్లుంటే మూడో అంతస్తు లాబ్రడార్‌కు మందు ఆపే వీలు ఎప్పటికీ రాదు. ఈ విషయంలో నాకు తెలిసిన మంచి ఉదాహరణ అమెరికాలోని అరిజోనా నుంచి. అక్కడి ఆదివాసీ ఊళ్లలో కుక్కలు వీధుల్లో స్వేచ్ఛగా తిరుగుతాయి. మన ఇళ్లలో ఉండే ఈ గోధుమరంగు గోమారే అక్కడ మనుషులకు ప్రాణాంతకమైన మచ్చల జ్వరం అంటించింది, పిల్లలు చనిపోయారు. 2012లో ఒక ఊళ్లో ఇంటింటికీ తిరిగి, యజమాని ఉన్నాడా లేడా అని చూడకుండా ప్రతి కుక్కకూ ఎక్కువకాలం పనిచేసే పట్టీ వేశారు, ఇళ్ల చుట్టూ నెలనెలా మందు కొట్టారు. ఆ కార్యక్రమం ముగిసేసరికి అక్కడ కంటికి కనిపించేలా గోమార్లున్న కుక్కలు నూటికి ఒకటి కూడా లేవు. అలా చేయని పక్క ఊళ్లలో నూటికి అరవైకి పైగా ఉన్నాయి.

మన మున్సిపాలిటీలు వీధి కుక్కలను పట్టి, కుటుంబ నియంత్రణ ఆపరేషను చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చినచోటే వదులుతున్నాయి. ఆపరేషనుకు మత్తు ఇవ్వాలంటే బరువు తూచక తప్పదు, కుక్క కదలకుండా పడుకునీ ఉంటుంది, గోమార్ల మందు వేయడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఒక అపార్ట్‌మెంట్ సంఘం ఏడాదికి దోమల పొగకు పెట్టే ఖర్చులో కొంత పక్కన పెడితే గేటు దగ్గరుండే నాలుగు కుక్కలకు మూడు నెలలకోసారి బిళ్ళ పెరుగన్నంలో పెట్టి తినిపించవచ్చు. కుక్కను పట్టుకునే పని లేదు, కరుస్తుందన్న భయం లేదు. తిండితో పాటే ఇవ్వాల్సిన మందు కాబట్టి పెరుగన్నం అన్నివిధాలా కలిసొస్తుంది.